మిక్సీ ఆపిందెవరు?

ఈ మధ్య ఎవర్ని కదిపినా తెల్లవారుజామున లేవమంటున్నారు. ఫోను ముట్టుకోవద్దట. గోరువెచ్చని నీళ్ళు గుక్కగుక్కగా తాగాలట. కాసేపు కళ్ళు మూసుకు కూర్చోవాలట. ఏ పనీ హడావుడిగా చెయ్యకూడదట. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పొద్దున్నే బూట్లు తొడుక్కుని నడిచే ప్రతి రిటైర్డు ఉద్యోగి దగ్గరా ఈ ఉపదేశం సిద్ధంగా ఉంటోంది. దీనికి పుస్తకాల దన్ను కూడా ఉంది. హాల్ ఎల్రాడ్ 2012లో ‘మిరకిల్ మార్నింగ్’ రాశాడు. రాబిన్ శర్మ 2018లో ‘5 ఏఎం క్లబ్’ రాసి, లేచిన మొదటి గంటని ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు ముక్కలు చేసి ఇచ్చాడు. ఒంటికో ముక్క, మనసుకో ముక్క, చదువుకో ముక్క. చట్నీకి మాత్రం ముక్క లేదు.

ప్రశాంతతతో నాకు పేచీ లేదు. అదేదో మనిషి పట్టుదలని బట్టి దొరికే సరుకైనట్టూ, పొద్దున్నే పరుగులు పెట్టేవాళ్ళంతా క్రమశిక్షణ లేనివాళ్ళైనట్టూ మాట్లాడతారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో ఒకరి పొద్దు నెమ్మదిగా నడుస్తోందంటే, ఆ నెమ్మదిని ఇంకెవరో ముందే లేచి వండి పెట్టారన్నమాట.

ఇది నాకు తెలిసింది ఉంగుటూరులో, మా వంటింట్లో. ఆ మధ్య మూడు వారాలు నేనూ ఈ వ్రతం పట్టాను. ఐదింటికి లేచి మేడ మీద చాప వేసుకుని కూర్చునేవాణ్ణి. దూరంగా హైవే మీద లారీల మోత తప్ప ఇంట్లోంచి చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు. ఇల్లు కూడా నాతోపాటు ధ్యానం చేస్తోందని మురిసిపోయి, ఆరుంపావుకి కిందికి దిగేవాణ్ణి. మూడో వారంలో ఒకరోజు మోకాలు పట్టేసి ముందే దిగొచ్చాను. మా ఆవిడ కుక్కర్ ముందు కాపలా నిలబడి ఉంది, కూత వచ్చేలోగా మంట తగ్గించడానికి. పక్కన మిక్సీ జారులో కొబ్బరి ముక్కలు, పచ్చిమిరపకాయలు, ఉప్పు, అన్నీ వేసి మూత పెట్టేసి ఉన్నాయి.

“ఇంకా తిప్పలేదేం?” అన్నాను.

“మీరు దిగాక తిప్పుదామని. చప్పుడు చెయ్యొద్దన్నారుగా.”

మా అమ్మాయి కాలేజీ బస్సు ఆరున్నరకి. నేను ఆరుంపావుకి దిగితే మిగిలేది పదిహేను నిమిషాలు. అందులోనే చట్నీ, తాలింపు, క్యారేజీ, జడ. మూడు వారాల నుంచీ పిల్ల ఇడ్లీల మీద కారప్పొడి చల్లుకుని పోతోందట. నా ప్రశాంతత చెడుతుందని ఇద్దరూ నాకు చెప్పలేదు.

మా ఇల్లొక్కటే ఇలా ఏడవలేదు. మన దేశంలో ఎవరు ఏ పనికి ఎంత సేపు వెచ్చిస్తున్నారో కేంద్రం 2019లో సర్వే చేయించింది. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 97 అయినా ఎంతో కొంత పని చేసే మగవాళ్ళ సగటు. అసలు చెయ్యి పెట్టేవాళ్ళే నూటికి 26 మంది. మిగతా 74 మంది చాపలు ఎంత ప్రశాంతంగా ఉంటాయో వేరే చెప్పాలా?

పూర్వం అందరూ హాయిగా లేచేవారనే మాట ఇంకొకటి. మా తాతగారు అరుగు మీద కూర్చుని వేపపుల్ల అరగంట నమిలేవారు, నిజమే. ఆ అరగంటలో మా మామ్మ వాకిలి ఊడ్చి, పేడకళ్ళాపి జల్లి, ముగ్గేసి, గేదెకి గడ్డేసి, పాలు పితికి, పొయ్యి రాజేసేది. ఆవిడ పళ్ళు ఎప్పుడు తోముకునేదో ఇంట్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఇక బ్రాహ్మీ ముహూర్తం అంటారా, సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే 48 నిమిషాలు అవి. అప్పుడు లేవమని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పింది స్వస్థుడికి. మన ఉపన్యాసకులు ఆ ఒక్క మాటా మింగేసి, రాత్రి డ్యూటీ చేసొచ్చినవాణ్ణీ, బాలింతనీ కూడా లేపేస్తున్నారు.

తెల్లవారుజామున లేవడమే మహత్యమైతే మా దక్షిణాన, కొల్లేటి వైపు చెరువు గట్ల మీద ఈపాటికి మహర్షులే తిరుగుతుండాలి. చెరువు నీళ్ళలో పచ్చగా ఉండే నాచు పగలు ఎండకి ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి చేపలతో పాటు అదీ పీల్చుకుంటుంది. అలా తరిగి తరిగి, సరిగ్గా తెల్లవారబోయే ముందు నీళ్ళలో ప్రాణవాయువు మరీ తక్కువైపోతుంది. పగలు మబ్బు పట్టిందంటే ఆ రాత్రి మరీ గండం. శీలావతీ బొచ్చే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. కాపలా మనిషి మూడింటి నుంచీ టార్చి పట్టుకుని గట్టు మీద తిరగాలి. చేప తేలితే ఇంజను వేసి నీళ్ళు చిమ్మించాలి, ఆక్సిజన్ బిళ్ళలు జల్లాలి. గంట ఆలస్యమైతే ఏడాది పెట్టుబడి తెల్లగా తేలుతుంది. నాట్ల రోజుల్లో చీకటితోనే అన్నం గిన్నెలతో ఆటో ఎక్కే ఆడకూలీలదీ ఇదే వేళ. వీళ్ళకి ప్రశాంతత లేనిది లేవడం రాక కాదు.

ఇక పిల్లల్ని లేపడం సంగతి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లో, ఎదిగే వయసు పిల్లల బడి ఎనిమిదిన్నరకి ముందు పెట్టొద్దంది. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది. అక్కడ 2022 జూలై నుంచి హైస్కూలు గంట ఎనిమిదిన్నరకి ముందు కొట్టడానికి వీల్లేదు. మన దగ్గర ఇంటర్ హాస్టళ్ళలో ఐదింటికే స్టడీ అవర్. మా వీధి చివర ఆగే ఆ పసుపు బస్సు అరగంట ఆలస్యంగా బయల్దేరితే ఉంగుటూరులోనూ కైకరంలోనూ ఎన్ని వంటిళ్ళు ఊపిరి తీసుకుంటాయో! ఎవరూ కళ్ళు మూసుకుని కూర్చోనక్కర్లేదు. ఆ మాట యాజమాన్యాన్ని అడగమంటే మాత్రం మన ధ్యానులు మళ్ళీ కళ్ళు మూసేసుకుంటారు.

వీలున్నవాడు కూడా నెమ్మదిగా ఉండకూడదా అంటారేమో. ఉండండి. లేవగానే ఫోను చూడొద్దన్న సలహా మంచిదే, నేనూ పాటిస్తున్నాను. చట్నీ ఇప్పుడు నేనే తిప్పుతున్నాను, ఐదున్నరకి, పెద్ద చప్పుడుతో. మొదటిరోజు మూత సరిగ్గా పట్టుకోక గోడంతా కొబ్బరి అయింది. ఆ మరక ఇంకా ఉంది.

మొన్న నిడమర్రు వైపు వెళ్ళినప్పుడు ఒక చెరువు దగ్గర ఆగాను. కాపలా మనిషి అప్పుడే పడవలో వెళ్ళి తవుడు సంచులు గెడలకి కట్టి వస్తున్నాడు. సంచుల అడుగున కంతలు ఉంటాయి, చేప వాటి కింద చేరి మేత లాక్కుంటుంది. ఎండ రాకుండా కట్టినా ముట్టదన్నాడు.

“మరి నీకు నెమ్మదెప్పుడయ్యా?”

“ఇప్పుడేనండి. సూరీడొచ్చాడు కదండీ, చేప దిగిపోయింది.”

చద్దన్నం తిని, పాకలో నులకమంచం మీద వాలి, తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. నా వాచీలో తొమ్మిది కావస్తోంది. చప్పుడు కాకుండా ఉండాలని బండిని కొంత దూరం నడిపించుకుంటూ తీసుకెళ్ళి, అక్కడ స్టార్టు చేశాను.