గిల్టు నగలకు కొత్త షరాబులు

పాత కాస్ట్యూమ్ జ్యువెలరీ సేకరించేవాళ్ల కోసం ఇంగ్లీషులో రాసిన గైడ్లు తిరగేస్తే చాలావాటిలో మొదటి సలహా ఒకటే. నగని వెనక్కి తిప్పండి, కంపెనీ ముద్ర వెతకండి. ట్రిఫారీ అని ఉంటే ఒక రేటు, కోరో అని ఉంటే ఇంకో రేటు, ఏమీ లేకపోతే డబ్బా అడుగున పడెయ్యండి. ఇప్పుడు మనవాళ్లలో కూడా వింటేజ్ సరదా పట్టుకున్నవాళ్లు ఇదే పాఠం వల్లిస్తున్నారు. ముద్ర చూసి సంతలో ఎంత పలుకుతుందో చెప్పొచ్చు. దాన్నే విలువ కట్టడం అంటున్నారు, నా పేచీ అక్కడ.

మిరియమ్ హాస్కెల్ సంగతే తీసుకుందాం. 1926లో న్యూయార్క్‌లో వ్యాపారం మొదలుపెట్టిందావిడ. తొలి దశాబ్దాల్లో ఆ పేరు మీద వచ్చిన నగలకి ప్రధాన డిజైనరు ఫ్రాంక్ హెస్. ఇత్తడి జాలీ మీద ఒక్కో పూసనీ, ఒక్కో ముత్యాన్నీ సన్నతీగతో చేత్తో కట్టింది మాత్రం మనకి పేర్లు కూడా తెలియని పనివాళ్లు. 1940ల చివరిదాకా ఆ నగల్లో చాలావాటి మీద అసలు ముద్రే లేదు. మరి ముద్రే కొలత అయితే, ఆ కంపెనీ చేసిన మంచి పనిలో చాలా భాగం అనామకుల లెక్కలోకి పోవాలి. పోనీ ముద్ర ఉన్నదాన్నయినా నమ్మొచ్చా? అదో చిన్న పలక. ఊడదీసి ఇంకోదానికి అతికించడం పెద్ద విద్యేమీ కాదు. తీగ కట్టిన పనితనాన్ని అలా అతికించడం ఎవరి తరమూ కాదు.

ముద్రకి బొత్తిగా ఉపయోగం లేదని నేననడం లేదు. 1955లో ట్రిఫారీ వేసిన దావాలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు గిల్టు నగ కూడా కళాకృతేననీ, కాపీరైట్‌కి అర్హత ఉందనీ తేల్చింది. ఆ తర్వాతే నగల వెనక కాపీరైట్ గుర్తు విరివిగా కనబడుతుంది. కాలం తేల్చుకోడానికి అది మంచి ఆధారం. అదే ట్రిఫారీలో 1930 నుంచి 1968 దాకా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఫిలిప్, కార్టియే లాంటి సంస్థలకి అసలు రాళ్ల నగలు చేసిపెట్టే వర్క్‌షాపు నుంచి వచ్చినవాడు. వజ్రాలకి వాడే పొదుగుడు పనిని గాజురాళ్లకి వాడాడు. ఆ పనికి తలొంచాల్సిందే. కానీ అదే ముద్రతో కుప్పలుగా అచ్చుపోసిన మామూలు సరుకూ వచ్చింది. రెండిటికీ ముద్ర ఒకటే. తేడా తెలియాలంటే కళ్లు కావాలి.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మచిలీపట్నం పక్కన చిలకలపూడి. చవక లోహం మీద పలచగా బంగారం ఎక్కించి కాసులపేర్లు, చంద్రహారాలు, జూకాలు, వడ్డాణాలు చేసిపెట్టిన ఊరు. బంగారం కొనలేని ఇళ్ల పెళ్లిళ్లకి ఆ ఊరే దిక్కు. ఆ నగల వెనక చేసినవాడి పేరు వెతికితే ఏం కనబడుతుంది? కొత్త షరాబుల లెక్కలో వాటి విలువ సున్నా. మన పాత షరాబుల లెక్క ఇంకా అన్యాయం. వాళ్లకి తెలిసిందల్లా తూకం. బంగారమైతే తరుగు తీసి కడతారు, గిల్టయితే "ఏముందమ్మా ఇందులో" అని పక్కకి నెట్టేస్తారు. ఉన్నది పని! సొమ్ము లేని నగలో మజూరీ తప్ప ఇంకేం ఉంటుంది? బంగారు నగలో లోహం ఖరీదు పనితనాన్ని కప్పేస్తుంది. గిల్టు నగకి ఆ చాటు కూడా లేదు.

కాబట్టి వెనక్కి తిప్పే చూడండి, కానీ ముద్ర కోసం కాదు. రాయిని లోహపు కొనలు వంచి బిగించారా, జిగురుతో అంటించారా? రాయి వెనక రేకు నల్లబడిందా? అతుకుల దగ్గర పచ్చ చిలుము పట్టిందా? కొక్కెం ఇంకా బిగువుగా పడుతోందా? జూకా కింది ముత్యాలు సమంగా వేలాడుతున్నాయా? మెడలో వేసుకుంటే హారం తిన్నగా కూర్చుంటుందా, పక్కకి ఒరిగిపోతుందా?

అరువు రూళ్లతో ఇంకో చిక్కుంది. మళ్లీ పూత వేస్తే పాత నగ విలువ పోతుందంటారు. హాస్కెల్ నగల మీది మసక బంగారు పూతకి ఆ మాట సరే, పోతే మళ్లీ రాదు. మన ఇళ్లల్లో కవరింగ్ గొలుసు రంగు పోతే మళ్లీ పూత వేయించి, చెల్లెలి పెళ్లికో కూతురి పెళ్లికో పెట్టుకున్నారు. ఎన్నిసార్లు పూత పడిందన్నది ఆ గొలుసు చరిత్ర. దాన్ని లోపం కింద రాసుకునే కలెక్టరుకి ఆ వస్తువేమిటో తెలియదన్నమాట.

ఆ ఊళ్లో ఈ పని మీద బతుకుతున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పాత నగ చూసి ఫలానావాళ్ల చెయ్యి అని గుర్తుపట్టగల పెద్దవాళ్లు మాత్రం ఎన్నాళ్లో ఉండరు. నిజంగా సేకరించేవాళ్లయితే వాళ్లని ఇప్పుడే అడగండి. ఎవరు చేశారు, ఎప్పుడు కొన్నారు, ఎవరి పెళ్లికి పెట్టారు, ఓ కాగితం మీద రాసి నగతో పాటు దాచండి. ధరల పట్టీలు తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు.