ప్రాజెక్టు కొనొద్దు, కష్టాన్ని వెతుకుదాం

ఇంజనీరింగ్ విద్యార్థులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు విజ్ఞప్తి

ఫైనలియర్ రాగానే మన పిల్లలు ముందు వెతికేది టైటిల్. ఆ టైటిలూ, కోడూ, రిపోర్టూ, వైవాలో చెప్పాల్సిన జవాబులూ డబ్బు పెడితే ప్రాజెక్టు సెంటర్లలో దొరుకుతున్నాయి. ఈ ప్రాజెక్టు ఎవరి కష్టం తీర్చడానికి అని అడిగేవారే లేరు. నాలుగేళ్ల చదువుకు ఇంతకన్నా అవమానం లేదు.

కష్టం నుంచే మొదలుపెడితే ఏమవుతుందో ఆలేరు దగ్గరి శారాజీపేటలో చూడండి. చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆగిపోయిన చేనేత బిడ్డ. పోచంపల్లి పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. ఈ పని చేసీ చేసీ తల్లి లక్ష్మి భుజం నొప్పితో అల్లాడింది. మల్లేశం చేనేత మొత్తాన్నీ మార్చబోలేదు, మగ్గం జోలికే పోలేదు. ఆసు పోసే చేతి కదలిక ఒక్కదాన్నే పట్టుకున్నాడు. నా దృష్టిలో సగం విజయం అక్కడే ఉంది. పవర్‌లూమ్ తెచ్చి పెడితే నొప్పితోపాటు నేతగాడి బతుకుదెరువూ పోయేది.

1992లో మొదలుపెట్టి ఒక్కో కదలికకూ నమూనా కట్టుకుంటూ వచ్చాడు. చివరి చిక్కు 1999లో, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూశాక వీడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. అలా తయారైన లక్ష్మీ ఆసు యంత్రానికే 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది.

మన పిల్లలూ మల్లేశంలా కష్టం నుంచే మొదలుపెట్టాలంటే నేను అడిగేది ఇదీ. ఫైనలియర్ మొదటి నెలలో టైటిల్ అడగొద్దు. ఆ నెల విద్యార్థులు మగ్గాల దగ్గర, ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో, ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసల్లో గడపాలి. అక్కడివాళ్లను ఏం కావాలని అడిగితే చాలదు, మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. చేతులు ఎక్కడ ఆగుతున్నాయో, ఏ పనికి పక్కవాళ్లను పిలుస్తున్నారో చూసి రాసుకోవాలి. సమస్యను ఒక్క వాక్యంలో రాసి వాళ్లకే చదివి వినిపించాలి. కాదంటే మళ్లీ రాయాలి. తర్వాత అట్ట, వెదురు, సైకిల్ ట్యూబు, ఏది దొరికితే దానితో నమూనా కట్టి వాళ్ల చేతికివ్వాలి. విరిగిన నమూనాకూ, ఎందుకు విరిగిందో రాసుకున్న నోటుపుస్తకానికీ మార్కులుండాలి. వైవాలో ఎగ్జామినర్ పక్కన ఆ పనిచేసే మనిషికీ కుర్చీ వేయాలి.

దీనికి కొత్త ల్యాబులు అక్కర్లేదు. అధ్యాపకులారా, వచ్చే విద్యాసంవత్సరం నుంచే అమలుకు మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పట్టుబట్టండి. తల్లిదండ్రులారా, ప్రాజెక్టు కొనడానికి పిల్లలు డబ్బడిగితే ఇవ్వకండి. ఊళ్లు తిరగడానికి బస్సుచార్జీలు ఇవ్వండి.