స్టాంపు పేపరు మీద వేలిముద్రతో నష్టపరిహారం చెల్లిపోదు

"రైతు సంఘంలో ఉండి రైతు మీదే కేసు వేయిస్తావా అన్నా?" రెండు నెలలుగా మా ఊళ్లో నన్ను అడుగుతున్న మాట ఇది. అడిగేది బయటివాళ్లు కాదు, మన సభ్యులే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా పత్రికలో రాస్తే నయమనిపించింది.

2025 మే నెలలో మా ఊళ్లో మొక్కజొన్న పట్టిస్తుంటే, కంకులు అందిస్తున్న కూలి మనిషి కుడి చెయ్యి మిషన్‌లోకి పోయింది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. ఆమెకు నలభై ఏళ్లు. సెంటు భూమి లేదు. మిషన్ మన సభ్యుడిది. అతను మూడెకరాల రైతు, అప్పు చేసి మిషన్ కొన్నాడు. ఆమెను పనికి పిలిచిందీ, కూలి ఇచ్చేదీ అతనే. ఆసుపత్రి ఖర్చు కూడా అతనే పెట్టుకున్నాడు, అది కాదనను. నెల తిరిగాక పెద్దమనుషులం కూర్చుని అరవై వేలకు తెంచాం. ఇకముందు ఏమీ అడగనని స్టాంపు పేపరు మీద రాయించి, ఎడమ చేతి వేలిముద్ర వేయించాం. సాక్షి సంతకాల్లో ఒకటి నాది.

మంచి పని చేశామనుకునే ఇంటికొచ్చాను. డిసెంబరులో వేరే పని మీద జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. అక్కడున్న వకీలమ్మ, ఆ కాగితం చెల్లదండీ అన్నారు. ఎందుకు చెల్లదో వివరంగా చెప్పించుకున్నాను.

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఒకటుంది. అది ఫ్యాక్టరీ వాళ్లకే అని మనం అనుకుంటాం. కానీ ట్రాక్టర్‌తో చేసే వ్యవసాయం, మిషన్‌తో కోతలు, నూర్పిళ్లు, పురుగుమందు పిచికారీ, బావి తవ్వకం, బోరు వేయడం, మోటార్ల మరమ్మతు, ఇవన్నీ ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. రోజుకూలి వాళ్లకు వర్తించదన్న వంక కూడా 2000లో చేసిన సవరణతో పోయింది. కూలీ తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని 17వ సెక్షన్ చెబుతుంది. మేం రాయించిన కాగితం సరిగ్గా అలాంటిదే.

ఇక లెక్క. అవయవం పోయినప్పుడు నెల కూలిలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో హెచ్చిస్తారు. నలభై ఏళ్లకు ఆ అంకె 184.17. ఆమె నెల సంపాదన 10,000 అనుకుంటే మొత్తం 11,05,020 రూపాయలు. ఒక చెయ్యి పోతే 60 శాతం అంగవైకల్యంగా చట్టమే లెక్కగట్టింది కాబట్టి ఆమెకు రావాల్సింది 6,63,012. మేం ఇప్పించింది అందులో పదో వంతు కూడా కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. సినిమా హాల్లో పని చేస్తూ కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లోనే తీర్పు ఇచ్చింది. ఒంటి చేత్తో వడ్రం పని చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి నూటికి నూరు పాళ్లూ పోయినట్టేనని చెప్పింది. ఒంటి చేత్తో మిరపకాయ కోసేదెవరు, నాటు వేసేదెవరు? ఆమె తరఫున ఆ వాదన కూడా పెడతామన్నారు వకీలమ్మ.

పంచాయితీలో ఎక్కువగా వినపడిన మాట, "ఆమే చూసుకోకుండా చెయ్యి పెట్టింది" అని. ఆ మాట నేనూ అన్నాను. పరధ్యానంలో జరిగినంత మాత్రాన నష్టపరిహారం పోదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన రేకును కావాలని తీసేయడం లాంటివి ఉంటే తప్ప యజమాని తప్పించుకోలేడు. మా మిషన్‌కు ఆ రేకును ఎప్పుడో విప్పి షెడ్డులో పడేశారు. విప్పింది ఆమె కాదు. "పింఛను వస్తుంది కదా" అనేవాళ్లు కూడా ఉన్నారు. సదరం సర్టిఫికెట్‌తో తెలంగాణలో నెలకు 4,016 వస్తాయి. అది ప్రభుత్వం ఇచ్చేది. దాన్ని చూపించి యజమాని బాకీ కొట్టేయడానికి లేదు.

ఇప్పుడు మిషన్ ఉన్న మన సభ్యులకు చెప్పాల్సిన మాట. మనిషి చనిపోతే ఇవ్వాల్సిన డబ్బూ, ఆడమనిషికి ఒకేసారి ఇవ్వాల్సిన డబ్బూ నేరుగా చేతికిస్తే నష్టపరిహారం కింద లెక్కకు రాదు. కార్మిక శాఖలోని కమిషనర్ దగ్గర జమ చేయాలి. అంటే పంచాయితీలో పెట్టిన అరవై వేలు చట్టం లెక్కలో ఇవ్వనట్టే. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే పైన జరిమానా కూడా వేయొచ్చు. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. పెద్దమనుషులం కలిసి కూలీకి అన్యాయం చేశాం, రైతును కూడా కాపాడలేదు.

ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఆ పాలసీ కాగితం ఒక్కసారి చదివించుకోండి. మిషన్ దగ్గర కంకులు అందించే వాళ్లకు విడిగా ప్రీమియం కట్టకపోతే కంపెనీ చేతులెత్తేస్తుంది. కూలీల కోసం ఉద్యోగుల నష్టపరిహార పాలసీ అని వేరే ఉంటుంది, ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు కూడా అమ్ముతాయి. మిషన్‌కు లక్షలు పెట్టినవాళ్లం దాని ధర ఎంతో అడగనే లేదు. సబ్సిడీ మీద యంత్రాలిచ్చే ప్రభుత్వం ఈ పాలసీ లేకుండా మిషన్ బయటికి పంపకూడదని, మొదటి రెండేళ్ల ప్రీమియం సబ్సిడీలోనే కలపాలని సంఘం అడగాలి. గిట్టుబాటు ధరల వినతిపత్రంలో దీనికీ ఒక చోటు ఇద్దాం.

పురుగుమందు కొట్టేవాళ్ల సంగతి ఇంకా అధ్వానం. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయాక గానీ అది పనిలో జరిగే ప్రమాదమని దేశానికి గుర్తు రాలేదు. మన దగ్గర మందు కొడుతూ పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే ముందు వచ్చే అనుమానం ఆత్మహత్యా ప్రయత్నం అని. అందుకని చేర్పించేటప్పుడే, పిచికారీ చేస్తుండగా జరిగిందని గట్టిగా చెప్పి కేస్ షీట్‌లో రాయించండి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. తర్వాత ఎవరి చుట్టూ తిరిగినా ఆ ఒక్క వాక్యం కోసమే అడుగుతారు.

ఈ పాత చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు, అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. మా ఊరి ప్రమాదం అంతకు ముందుది కాబట్టి పాత చట్టం కిందే దాఖలు చేస్తున్నాం. ఏ చట్టం కిందైనా రెండేళ్లు దాటనివ్వకండి. వకీలు ఫీజుకు భయపడొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

మిషన్ రైతు నాతో మాట్లాడటం మానేశాడు. అతని పరిస్థితి నాకు తెలియక కాదు. ఉన్న మూడెకరాల్లో ఒక ఎకరం పోవచ్చు. అతని కోసం సంఘం చందా ఎత్తుదామంటే మొదటి ఐదు వేలు నావి, వచ్చే కార్యవర్గంలో ఈ మాట పెడతాను. కానీ అతని ఎకరం కోసం ఆమె చేతిని అరవై వేలకు వదిలేయమంటే నా వల్ల కాదు.

ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఊళ్లో ఉండాలి కదన్నా, రేపు నన్నెవరు పనికి పిలుస్తారు?" అంది. తర్వాత తనే నవ్వి, "ఇప్పుడు మాత్రం ఎవరు పిలుస్తున్నారు" అంది. వచ్చే సోమవారం కార్మిక శాఖ ఆఫీసులో కాగితాలు వేస్తున్నాం. ఆ స్టాంపు పేపరు కూడా జత చేశాం. సాక్షుల జాబితాలో నా పేరు ఇచ్చాను.