రౌటర్ డబ్బా మా ఇంట్లో, తాళంచెవి ఎవరి దగ్గర?

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) అధ్యక్షుల వారికి,



హైదరాబాద్ మూసాపేటలో కంప్యూటర్ నెట్‌వర్క్ పనులు చేసుకుని బతికేవాణ్ని. ఇటు కైతలాపూర్ దాకా, అటు భరత్‌నగర్, బాలానగర్ దాకా నా బండి తిరగని గల్లీ లేదు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో నెట్ ఆగితే చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. ఆ మేడల్లో పనిచేసేవాళ్లు రాత్రికొచ్చి పడుకునే హాస్టళ్లు, మందులు కొనుక్కునే షాపులు, చిన్నా పెద్దా ఆఫీసులు మా వైపున ఉన్నాయి. ఇక్కడ నెట్ ఆగితే నాలాంటివాడికి ఫోన్ వస్తుంది. ఇన్నేళ్లుగా ఆ ఫోన్లు ఎత్తుతూ నేను తెలుసుకున్న ఒక సంగతి మీతో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్నామధ్య పదో తేదీ సాయంత్రం ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఫోన్ చేశారు. "తమ్మీ, రెండు దినాల సంది పోర్టల్ తెరుచుకుంటుంది గని ఫైల్ ఎక్కుతలేదు. జర వచ్చి చూడు" అన్నారు. నెలనెలా జీఎస్టీఆర్-1 రిటర్ను వేయడానికి గడువు 11వ తేదీ. వ్యాపారుల ఫైళ్లు ఆయన బల్ల మీద గుట్టగా ఉన్నాయి. అప్పటికే మూడుసార్లు ఫిర్యాదు చేశారు. రెండుసార్లు కస్టమర్ కేర్ వాళ్లు డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. మూడోసారి ఒక కుర్రాడొచ్చి, తన ఫోన్‌ని రౌటర్ వైఫైకి కలుపుకుని స్పీడ్ టెస్ట్ చేసి, "మంచిగనే వస్తుంది కద సార్" అని చూపించి వెళ్లాడు. అతను మెట్లు దిగేలోపే ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది.

కుర్రాడు అబద్ధమాడలేదు. అతని ఫోన్‌కి నెట్ నిజంగానే బాగా వచ్చింది. కానీ ఆ ఆఫీసు కంప్యూటర్లు వేరే దారిన పోతున్నాయి. కన్సల్టెంట్ గారు ఖాతాదారుల వివరాలు భద్రంగా ఉండాలని సొంత డబ్బుతో ఒక చిన్న ఫైర్‌వాల్ కొని రౌటర్ వెనక పెట్టించుకున్నారు. కంప్యూటర్లన్నీ దాని వెనక ఉన్నాయి. ఇంటర్నెట్‌లో మన సమాచారం చిన్న చిన్న మూటలుగా వెళ్తుంది. ఒక్కో మూట మామూలుగా 1500 బైట్లు. మా వైపు చాలా కనెక్షన్లు నడిచే పీపీపీఓఈ పద్ధతిలో అందులో 8 బైట్లు కంపెనీ లెక్కలకే పోతాయి, మిగిలేది 1492. అంతకంటే పెద్ద మూట వస్తే రౌటర్ దాన్ని ఆపి, "ఇది పట్టదు, చిన్నది చేసి పంపు" అని వెనక్కి కబురు పంపుతుంది. ఫైర్‌వాల్ పెట్టినాయన భద్రత పెరుగుతుందనుకుని, పిలవకుండా బయటి నుంచి వచ్చే కబుర్లన్నీ ఆపేయమని టిక్కు పెట్టాడు. ఈ కబురు కూడా ఆగిపోయింది. పేజీ తెరవడానికి వెళ్లేవి చిన్న మూటలు కాబట్టి అవి దాటిపోయాయి. ఫైల్ ఎక్కించేటప్పుడు వెళ్లేవి నిండు మూటలు. అవి గడప దగ్గరే రాలిపోతుంటే, కంప్యూటర్ ఆ సంగతి తెలియక మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది.

పింగ్ ఆదేశంతో మూట పరిమాణం కొంచెం కొంచెంగా పెంచి చూశాను. 1464 దాకా జవాబొచ్చింది, తర్వాత మౌనం. దానికి 28 బైట్ల తలకట్టు కలిపితే సరిగ్గా 1492. ఫైర్‌వాల్‌లో మూట పరిమాణం ఆ అంకెకు సరిచేసి, ఆ ఒక్క కబురుకీ దారి వదిలాను. పది నిమిషాల పని. మొదటి ఫైల్ ఎక్కాక పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. రెండు రోజుల నిద్రలేమి ఆయన ముఖంలో కనిపించింది.

ఇది కంపెనీ లైను తప్పు కాదని మీరనవచ్చు. నిజమే. కానీ మూడు ఫిర్యాదుల్లో ఒక్కసారైనా ఎవరైనా ఆయన కంప్యూటర్ దగ్గర కూర్చుని చూశారా? ఫిర్యాదు ఎవరి యంత్రం మీదొచ్చిందో దాని మీద పరీక్ష జరగలేదు. మీ 2012 ఫిర్యాదుల నిబంధనలు ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబరు ఇవ్వాలన్నాయి, తృప్తి కలగకపోతే అప్పీలుకు పోవచ్చన్నాయి. మంచివే. కానీ డాకెట్ ఏ కారణం రాసి మూసేయాలన్నది కంపెనీ చేతుల్లోనే ఉంది. అసలు కారణం తెలియని మనిషి అప్పీలులో ఏమని రాసుకుంటాడు?

అన్నింటికీ రీస్టార్టే మందని చెప్పడం వల్ల ఇంకో నష్టముంది. చాలా ఇళ్ల రౌటర్లలో అంతకుముందు ఏం జరిగిందో చెప్పే లాగ్ అంతా ఆఫ్ చేయగానే చెరిగిపోతుంది. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లకు పాకినప్పుడు అమెరికా ఎఫ్‌బీఐ కూడా రీస్టార్ట్ చేయమనే చెప్పింది. అయితే దానితో అది పూర్తిగా పోదనీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుని పాస్‌వర్డ్ మార్చుకోవాలనీ కూడా చెప్పింది. మాకు ఆ మొదటి మాట ఒక్కటే వినిపిస్తారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం పాస్‌వర్డ్ సంగతి. బాలానగర్ దగ్గర ఒక లేత్ వర్క్‌షాప్ ఉంది. యజమానిది నల్గొండ జిల్లా. పండక్కి ఊరికెళ్లినప్పుడు ఫోన్‌లో షాపు కెమెరాలు చూసుకోవాలని ఆయన ముచ్చట. కెమెరా పెట్టినాయన ఎన్నిసార్లు రౌటర్‌లో బయటి నుంచి లోపలికి దారి (పోర్ట్) తెరిచినా ఊర్లో బొమ్మ రాలేదు. ఎందుకు రాలేదో కనెక్షన్ అమ్మినప్పుడే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ప్రపంచంలో పాత పద్ధతి ఐపీ చిరునామాల చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు. ఆ కొరత వల్ల చాలా కంపెనీలు వందల మంది వినియోగదారులను ఒకే చిరునామా వెనక నిలబెడుతున్నాయి. అపార్ట్‌మెంట్‌కి గేటు నంబరు ఒక్కటే ఉండి, ఫ్లాట్ నంబర్లు వాచ్‌మన్‌కే తెలిసినట్టు. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలతో మొదలయ్యే చిరునామా కనిపిస్తే మీరు ఆ గేటు వెనక ఉన్నట్టే. ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. ఈ సంగతి తెలియక ఆ యజమాని రెండు నెలలు ఇద్దరు మెకానిక్కులకు డబ్బులిచ్చాడు.

చివరికి నెలకింతని కట్టి తనకంటూ సొంత చిరునామా (స్టాటిక్ ఐపీ) తీసుకున్నాడు. మూడో మెకానిక్ వచ్చి, పని తేలికవుతుందని కెమెరా రికార్డర్‌ను డీఎంజెడ్‌లో పెట్టేశాడు. అంటే దాని ముందున్న గోడ మొత్తం తీసేసినట్టు. రికార్డర్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. ఊర్లో బొమ్మ వచ్చింది, ఆయన సంతోషపడ్డాడు. నెల తిరక్కుండానే షాపులో నెట్ నత్తనడక పట్టింది. నేను వెళ్లి చూస్తే షాపు మూసున్నప్పుడు కూడా రికార్డర్ రాత్రంతా బయటికి ఏదో పంపుతూనే ఉంది. మన గల్లీలో ఉన్న యంత్రం ఎవరిదో పని చేస్తోంది. 2016 అక్టోబరు 21న మిరాయ్ అనే మాల్‌వేర్ అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు జనానికి అందకుండా చేసింది ఇలాంటి కెమెరాలూ రికార్డర్లతోనే. అందుకు అది గొప్ప విద్యలేవీ వాడలేదు. ఫ్యాక్టరీలు పెట్టే పాస్‌వర్డ్‌లు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే వేసి చూసింది.

మన దేశంలోనూ జరిగింది. 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారుల మోడెమ్‌లు మాల్‌వేర్ దాడితో మూగబోయాయి. అవి దాదాపు 60,000 అని అప్పటి వార్తలు రాశాయి. మోడెమ్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చుకోని ఇళ్లే ఎక్కువగా చిక్కాయి. మార్చుకోమని సంస్థ ఆ తర్వాత జనాన్ని కోరింది. మార్చుకోవాలని జనానికి ముందు ఎవరు చెప్పారు? ఇవాళ కూడా నేను వెళ్లే ఇళ్లలో రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే వైఫై పాస్‌వర్డ్ చెప్తారు. ఆ రెండూ వేరని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కొన్ని కంపెనీల డబ్బాల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ వినియోగదారుడికి ఇవ్వనే ఇవ్వరు. అది పెట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్లు కాంట్రాక్టు మారితే ఎక్కడికి పోతుందో తెలియదు.

మార్చిన పాస్‌వర్డ్ కూడా నిలుస్తుందని నమ్మకం లేదు. 2025 ఆగస్టు సంగతి మీకూ తెలిసే ఉంటుంది. రామంతాపూర్ శోభాయాత్రలో రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీయించడం మొదలైంది. వేలాడే తీగలు తీయించాల్సిందే, మనుషుల ప్రాణం కంటే నెట్ ఎక్కువ కాదు. కానీ ఆ రోజుల్లో మా వైపు నేను చూసిందొకటి చెప్తాను. కేబుల్ మళ్లీ కలిపాక రౌటర్ మీది లైట్లు సరిగా రాకపోతే, హడావుడిలో ఉన్న కుర్రాళ్లు డబ్బా వెనక చిన్న కన్నంలో సూది గుచ్చి రీసెట్ కొట్టారు. రీసెట్ కొడితే డబ్బా పుట్టిన రోజుకి వెళ్తుంది. పాస్‌వర్డ్‌లూ, కట్టుదిట్టాలూ అన్నీ పోయి మళ్లీ ఫ్యాక్టరీ పాస్‌వర్డే మిగులుతుంది. ఒక అమ్మాయిల హాస్టల్‌లో నేను స్వయంగా పెట్టిన కట్టుబాట్లన్నీ అలా ఒక్క సూదిపోటుతో పోయాయి. నెట్ వచ్చింది కదా అని వార్డెన్‌గారు నాకు చెప్పలేదు. ఇంకో పనికి వెళ్లినప్పుడు అనుకోకుండా చూశాను. అప్పటికి ఇరవై రోజులైంది.

ఆ కుర్రాళ్లను నేను తప్పుపట్టను. ఎండలో నిచ్చెన మోసుకుంటూ రోజుకు ఇన్ని ఫిర్యాదులు మూసేయాలన్న లెక్కతో తిరుగుతారు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. ఫిర్యాదు మూస్తేనే డబ్బులొస్తాయంటే చేతులు మూయడానికే అలవాటుపడతాయి.

2024 ఆగస్టులో మీరు సేవా నాణ్యత మీద కొత్త నిబంధనలు తెచ్చి అక్టోబరు 1 నుంచి అమలు మొదలుపెట్టారు. లైను పాడైతే ఎన్నాళ్లలో బాగుచేయాలో, సిగ్నల్ ఆలస్యం ఎంతకు మించకూడదో అందులో కొలతలున్నాయి. రౌటర్లకు టెలికాం శాఖ కింద పరీక్షలున్నాయనీ తెలుసు. కానీ పరీక్ష నెగ్గిన డబ్బాను గోడకి బిగించిన రోజున అందులో ఏ పాస్‌వర్డ్ ఉంది, దాన్ని ఎవరు అప్‌డేట్ చేస్తారు అన్న లెక్క మాత్రం నాకు ఎవరి పుస్తకంలోనూ కనిపించలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి ఇలాంటి పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో కొనేటప్పుడే చెప్పాలి. మన కన్సల్టెంట్ గారికీ, లేత్ షాపు ఆయనకీ ఆ పాటి రక్షణ ఉండాలి.

నేను మిమ్మల్ని అడిగేది పెద్ద పని కాదు. కనెక్షన్ ఇచ్చిన రోజున అప్పగింత కాగితమని ఒకటి తెలుగులో ఇప్పించండి. డబ్బా ఏ కంపెనీది, ఏ మోడల్, దానికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి, ఆ అప్‌డేట్ చేసే బాధ్యత ఎవరిది, కంపెనీ దూరం నుంచి దాన్లోకి రాగలదా, చిరునామా సొంతమా ఉమ్మడిదా, ఇవన్నీ అందులో ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంటివాళ్ల ఎదుటే మార్చి, వాళ్ల చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. రీసెట్ కొట్టిన ప్రతిసారీ ఆ పని మళ్లీ చేయాలి. ఫిర్యాదు మూసేముందు వినియోగదారుడి కంప్యూటర్ మీదే పరీక్ష చేసి, కారణం రాసి, ఆయన ఒప్పుకున్నాకే మూయాలి. ఆయన సొంత ఫైర్‌వాల్ తప్పయితే అదే రాయండి. కనీసం ఎవరిని పిలవాలో తెలుస్తుంది.

ఈ ఉత్తరం చదివే ఇరుగుపొరుగు దుకాణదారులకు కూడా ఒక మాట. నియమాలు వచ్చేదాకా ఆగకండి. డబ్బా అడుగున అంటించిన కాగితం చూడండి. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కానీ, ఆ కాగితం మీదున్న అంకె కానీ కొట్టండి. కాగితం మీది పాస్‌వర్డ్‌తో తలుపు తెరుచుకుంటే అదే పాస్‌వర్డ్‌తో వేరేవాళ్లకీ తెరుచుకోవచ్చు. వెంటనే మార్చేయండి. డీఎంజెడ్ అనే చోట ఏదైనా అంకె ఉంటే, అది ఎందుకుందో చెప్పగలిగినవాణ్ని పిలిచే దాకా తీసేయండి. డబ్బా ఊరికే ఊరికే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే ముందు అదే రకం అడాప్టర్ తెచ్చి మార్చి చూడండి. మా వైపు వోల్టేజీ హెచ్చుతగ్గులకు ముందు పోయేది అదే. ఆన్‌లైన్ మోసంలో ఇప్పటికే డబ్బులు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అధ్యక్షుల వారూ, నిన్న సాయంత్రం మా వీధిలో ఒక మెడికల్ షాపుకి కొత్త కనెక్షన్ ఇచ్చారు. నలభై నిమిషాల్లో పనైపోయింది. షాపాయన చేతికి రసీదు, వైఫై పాస్‌వర్డ్ రాసిన ఒక చీటీ ఇచ్చి వెళ్లారు. అప్పగింత కాగితాన్ని ఆ షాపు నుంచే మొదలుపెట్టించండి.

ఇట్లు,
మూసాపేట నెట్‌వర్క్ మెకానిక్