గాయకబాలుర ఉడుపులు

కాథలిక్కు పాఠశాలల గాయకబాలబృందములలో ఉడుపులు మార్చినప్పుడెల్ల, సంప్రదాయము మంటగలసినదని కొందఱు పెద్దలు వగచుట ఐరోపాయందును అమెరికాయందును పరిపాటియైనది. పొట్టినిక్కరు పోయి పొడుగులాగు వచ్చిన నొక విచారము. మెడచుట్టు గంజిపెట్టిన పట్టీ తీసివేసిన నొక విలాపము. నిలువుటంగీ వన్నె మార్చిన నొక పెద్ద చర్చ. ఈ విలాపములలో పాటను గూర్చిన మాట మిక్కిలి యరుదు. పాడు పిల్లవానిని గూర్చిన మాట యంతకన్న నరుదు. గుడ్డయెడల నింత శ్రద్ధయు, గుడ్డ తొడిగికొన్న పిల్లవానియెడల నంత యుపేక్షయు నేల కలిగినవో విచారింపవలసియున్నది. మేము ఈ విలాపకుల పక్షమువారము కాము. ఆ యుడుపులలో పెక్కింటికి సంప్రదాయమను పేరు చెల్లదనియు, అవి చూపఱుల కన్నులపండువకొఱకును ధనార్జనకొఱకును కుట్టించినవనియు మా యభిప్రాయము.

మొదట దేవాలయపు టుడుపునే చూతము. 1903 సంవత్సరము నవంబరు 22వ తేదీన పదవ పయస్ పోపు దేవాలయసంగీతసంస్కరణమును గూర్చి యొక శాసనము వెలువరించెను. నాటకశాలల బాణీలు పూజాసమయమున చొరబడుటను మాన్పి, గ్రెగోరియను గానమును పాలెస్త్రీనా కాలపు బహుస్వరగానమును మరల నిలువబెట్టుట దాని యుద్దేశము. గానబృందమున స్త్రీలు చేరరాదనియు, పైస్థాయి స్వరములు కావలసినచో బాలురచే పాడింపవలెననియు నందు విధింపబడెను. ఆ వెంటనే ఉడుపుల మాటయు గలదు. గాయకులు మతాధికారుల నిలువుటంగీని, దానిపై సర్‌ప్లిస్ అను తెల్లని వదులుచొక్కాను ధరించుట యుక్తమనియు, వారు నిలుచు తావు జనుల దృష్టికి బట్టబయలుగా నున్నచో జాలీల చాటున నుండవలెననియు నా శాసనము చెప్పుచున్నది. అనగా నాడు ఉడుపు పుట్టినది గాయకుని దాచుటకే గాని చూపుటకు గాదు. కంఠము వినబడవలెను, మనిషి మఱుగుపడవలెను. ఈ యొక్క విషయమున నా శాసనము మాకు నచ్చినది. స్త్రీలను వెలివేసిన భాగము మాకెంతమాత్రమును నచ్చలేదు. ఆ చర్చియే దానిని క్రమక్రమముగా సడలించి, రెండవ వాటికన్ మహాసభ పిమ్మట 1967లో స్త్రీలు గల గానబృందములను స్పష్టముగా నంగీకరించినది. నాటితో బాలకంఠముయొక్క యవసరము తీరినది. అభిరుచి మాత్రము మిగిలినది. అవసరముకొఱకు పిల్లలకు పెట్టు శ్రమ వేఱు, అభిరుచికొఱకు పెట్టు శ్రమ వేఱు.

ఆ 1903 శాసనపు స్ఫూర్తితోనే పారిసునందు 1907లో పాల్ బెర్తియే, పియెర్ మార్తాఁ అను నిరువురు విద్యార్థులు కొయ్యసిలువ బాలగాయకుల బృందమును స్థాపించిరి. 1924లో ఫాదరు మయ్యే దాని పెత్తనము వహించి దేశదేశములకు గొనిపోయెను. తెల్లని నిలువుటంగీయు, ఱొమ్మున చిన్న కొయ్యసిలువయు వారి గుర్తు. ఈ యుడుపు నిందింపదగినది కాదు. ధనికుని కొడుకో దరిద్రుని కొడుకో తెలియనీయక మెడనుండి మడమలదాఁక నొక్క తెల్లగుడ్డ కప్పివేయును. లోపల పిల్లవాడేమి తొడిగికొనినను అది వాని యిష్టము. (జోళ్లు మాత్రము దాగవు, తండ్రి సంపాదన జోళ్లయందు కనబడునని యే బడిలోని పిల్లవాని నడిగినను చెప్పును.)

ఇక వియన్నా సంగతి వేఱు. 1498లో మాక్సిమిలియను చక్రవర్తి తన యాస్థానదేవాలయమున బాలగాయకులను నియమించెనని ప్రతీతి; నేటికిని ఆ బాలురు హోఫ్‌బుర్గు దేవాలయమున పూజకు పాడుదురు. ఈ యయిదువందల యేండ్లలో వారేమి ధరించిరి? షూబర్టు 1808లో బాలగాయకుడుగా చేరినపుడు మూడుకొనల టోపీయు, మోకాళ్లవఱకు లాగును, బకిలుజోళ్లును వేసికొనెను. అటుపిమ్మట సైనికవిద్యార్థుల యుడుపు వచ్చెను. 1918లో సామ్రాజ్యము కూలి ఆస్థానము పోయినది. 1924లో ఫాదరు యోసెఫ్ ష్నిట్ ఆ బృందమును మరల నిలిపి, నాటి బాలుర వేషములలో మిక్కిలి వాడుకగా నున్న నావికుని యుడుపు తొడిగించెను. 1846లో వింటర్‌హాల్టరను చిత్రకారుడు విక్టోరియారాణి కొడుకును నావికవేషమున చిత్రించినది మొదలు ఐరోపాలోని కలవారి పిల్లల కది వేడుకవేషమై యుండెను. ఇందలి విచిత్రము చూడుడు: 1918తో ఆస్ట్రియాకు సముద్రమే లేకుండబోయినది, ఓడలు పోయినవి, రేవులు పోయినవి, ఆఱేండ్లకు పిల్లలకు నావికుల చొక్కాలు వచ్చినవి! ధనము చాలక 1926 నుండి ఆ బృందము దేవాలయము వెలుపలను కచ్చేరీలు చేయసాగెను. అది మొదలు ఆ చొక్కా వియన్నా బాలురకు బిరుదైనది. నేడు దానిని ముట్టరాదని వాదించువా రది 1498 నాటిదని తలంతురు కాఁబోలు. అది నూఱేండ్ల నాటి యొక ఫాషను. ష్నిట్‌గారిని మేము నిందింపము; అన్నము పెట్టుటకు ఆయన చేసిన యుపాయమది. కాని యుపాయమునకు ఆచారమని పేరుపెట్టి, దానికి హారతి పట్టువారిని మాత్రము నిందింపకుండలేము.

ఆ హారతిలో పొట్టినిక్కరుకు పెద్దపీట. పదమూడు పదునాల్గేండ్ల బాలునికి ఎనిమిదేండ్ల బిడ్డని వేషము వేసి వేదికపై నిలువబెట్టుట యేల? చూడవచ్చినవారికి ముద్దుగా నుండవలెనని. శీతకాలమున మోకాళ్లు నీలవన్నె తిరుగుచున్నను, తోడి బడిపిల్లలు వీథిలో నవ్వుచున్నను, పెద్దవారి కన్ను చల్లబడినఁ జాలును. ఎదుగుచున్న పిల్లవానికి ఎదుగుదల యొక సిగ్గని ఈ వేషము నేర్పుచున్నది. వాని గొంతు మారనున్నదని వానికిఁ దెలియును. అది మారునాఁడు తానెవ్వరికిని అక్కఱలేనివాడనగుదునని కూడఁ దెలియును. అట్టి భయముతో పాడు కంఠమును దేవదూతల కంఠమని పొగడుట మాకు సహింపరాకున్నది.

భయము వట్టిది కాదు. హైడన్ 1740 ప్రాంతమున ఎనిమిదేండ్లవాడై వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ ప్రధానదేవాలయపు గానబృందమునకు గొనిరాబడెను. తొమ్మిదేండ్లు పాడెను, కడుపునిండ తిండి యెఱుగడు. గొంతు మారినది. తోడి బాలుని జడ కత్తిరించెనను నెపముతో 1749 ప్రాంతమున వానిని వీథిలోనికి తోలిరి. నాడు వానివద్ద నున్నవి మూడు చినిగిన చొక్కాలును ఒక పాతకోటును మాత్రమేయని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పిరి. ఉత్సవదినములందు చక్రవర్తుల యెదుట తొడిగించిన వస్త్రములు సంస్థవి. చినిగిన చొక్కాలు పిల్లవానివి. షూబర్టు 1812 జూలై 26వ తేదీన తన స్వరపత్రముపై తాను చివరిసారి కూసితినని పరిహాసముగా వ్రాసికొనెను; కాని వాని నా దినమే వెడలగొట్టలేదు, 1813 వఱకు ఆ బడిలోనే చదువనిచ్చిరి. ఒకే నగరమున, అఱువది యేండ్ల యెడములో, ఇరువురు బాలురకు జరిగినది చూచితిరి గదా. ఏ సంప్రదాయమును కాపాడవలెనో పెద్దలే తేల్చుకొందురు గాక.

జర్మనీలోని రేగెన్స్‌బుర్గు సంగతి చెప్పక తప్పదు. అచటి బాలగాయకులకు ప్రధానదేవాలయపు పిచ్చుకలని ముద్దుపేరు. 975లో వోల్ఫ్‌గాంగ్ మేత్రాణులు స్థాపించిన బడినుండి తమ చరిత్రను లెక్కించుకొందురు. ఆ పిచ్చుకల గానమును, వారి వరుస తీరును, శుభ్రమైన దుస్తులను లోకము పొగడినది. 2017 జూలైలో ఉల్రిక్ వేబరను న్యాయవాది యొక నివేదిక ప్రకటించెను. 1945 మొదలు 1990ల యారంభము వఱకు ఆ సంస్థ బడులలో 547 మంది బాలురు హింసకు గుఱియైరని అందున్నది. 500 మంది దేహదండనముల పాలైరి, 67 మంది లైంగికాత్యాచారమునకు లోనైరి, కొందఱు రెంటికిని. ఆ బాలురు పెద్దవారై ఆ బడిని చెఱసాలయనియు, నరకమనియు వర్ణించిరి. ఒక్కొక్కరికి 5,000 మొదలు 20,000 యూరోల వఱకు పరిహారమిత్తుమని మేత్రాసనము చెప్పినది. ఇన్ని యేండ్లు వేలకొలఁది శ్రోతలు ముందువరుసలలో కూర్చుండి చూచిరి. కాలరు వంకరగా నున్న కనిపెట్టెడివారే. కాలరు క్రింద నేమున్నదో యెవ్వ రడిగిరి? పిల్లవానిని దాచిన యుడుపు వాని దెబ్బలను గూడ దాచినది. 2022లో ఆ బడిలో బాలికలను చేర్చుకొని, వారికి వేఱు గానబృందము నేర్పఱచిరి. ఈ మార్పులవలన సంప్రదాయము చెడునని వగచు నోళ్లు 2017లో ఎంత బిగ్గఱగా పలికినవో వారే చెప్పవలెను.

ఒకే యుడుపువలన సమానత్వ మలవడునని కొందఱు మమ్ము ప్రశ్నింతురు. అలవడును, గుడ్డ సంస్థ యిచ్చినచో. కోటు, టై, మేజోళ్లు, చిహ్నము కుట్టిన చొక్కాయు తలిదండ్రులే కొనవలెనన్నచో నది సమానత్వము గాదు, పన్ను. మన తెలుగుదేశమున వేసవియెండలో మెడకు టై బిగించి పిల్లలను ప్రార్థనకు నిలువబెట్టు బడులు లేకపోలేదు; శీతలదేశపు వేషమును ఉష్ణదేశమున సాగించుట సముద్రము లేనిచోట నావికవేషమునకు తోబుట్టువు. ఉడుపు మార్పులను మేము వలదనుట లేదు, మార్చినంతనే పని తీరినదనుకొనుటను వలదనుచున్నాము. నిక్కరు పోయి లాగు వచ్చినను, తెల్లది పోయి నీలిది వచ్చినను, పరుపుల గదిలో రాత్రి నెవరు కాపలాయో, ఆకొన్న పిల్లవానికి అన్నమెవరు పెట్టుదురో, కొట్టిన నెవరితో చెప్పుకొనవలెనో తలిదండ్రులకుఁ దెలియకున్న నా మార్పు దర్జీకి మాత్రమే లాభము.

గానబృందముల పెద్దలు కచ్చేరీపత్రములలో బాలుర ఛాయాపటములు వేయుదురు, విదేశయాత్రల పట్టిక వేయుదురు. ఆ పుటలోనే మఱొక పట్టికకును చోటియ్యవలెనని మా కోరిక: గత పదేండ్లలో గొంతు మారిన బాలురెందఱు, వారిలో అదే బడిలో చదువు ముగించినవారెందఱు, నడుమ వెడలినవారెందఱు, ఏల వెడలిరి. పేరులక్కఱలేదు, లెక్క చాలును. ఆ లెక్క చూచిన పిమ్మట కాలరు గుండ్రముగా నుండవలెనా, కోణముగా నుండవలెనా యన్నది తీరికగా చర్చింతము.