కంప్యూటరు మూగవోయినప్పుడు

గత మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము మిక్కిలి నొప్పించినది. ఒక సోదరి కుమార్తె దూరముననున్న గురువునొద్ద కంప్యూటరు ద్వారమున వీణ నేర్చుకొనుచున్నదట. ఒకనాడు యంత్రము హఠాత్తుగా మూగవోయినది. ఆడపిల్ల ముట్టినందుననే చెడినదని యింటివారనిరి. బాగుచేయువాడు వచ్చి, సౌండు కార్డు కాలిపోయినది, క్రొత్తది కొనవలసినదే యనెను. పాఠము నిలిచి 11 దినములైనది. ఇక మాన్పింతునని తండ్రి యనుచున్నాడట. ఆ కంప్యూటరులో నున్నది లినక్సు.

సోదరీ, పాఠము మాన్పింపవలదు, కార్డును కొనవలదు. ఈ కాలపు బల్లమీది కంప్యూటర్లలో పెక్కింటికి వేరుగా సౌండు కార్డే యుండదు. ధ్వని పుట్టించు చిన్న చిప్పు మదరుబోర్డుమీదనే యుండును. అది యెన్నడును చెడదని మేమనము. కాని దానిని అన్నిటికంటె కడపట అనుమానింపవలెను.

పాట నడుపు ప్రోగ్రాము నుండి ధ్వని మొదట పైప్‌వైర్ అను సేవకు పోవును. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 దీనిని స్వీకరించినవి. అంతకు ముందటి వానిలో నీ పని పల్స్ఆడియోది. అచటినుండి కెర్నెలులోని ఆల్సాకు, పిదప చిప్పునకు, తీగకు, స్పీకరుకు చేరును. చెరువు నిండియున్నను నడుమనెక్కడనో తూము మూసియున్నచో మడి తడవదు. మడి యెండినదని చెరువును తిట్టి ప్రయోజనమేమి?

మన తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని రెండు మాటలు గలవు. ఒకటి యున్నప్పుడు రెండవది యుండుట అన్వయము. అది లేనప్పుడు రెండవదియు లేకుండుట వ్యతిరేకము. కారణమును వెదకుటకు ఇంతకంటె చక్కని దారి లేదు. అయితే ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. నాలుగు మార్చిన పిమ్మట ధ్వని వచ్చినచో, దేనివలన వచ్చినదో యెవరికిని తెలియదు. మరల పోయిననాడు మరల బాగుచేయువాని కొరకు కబురంపవలసినదే.

కావున మొదట స్పీకరు తీగను ఊడదీసి, అది పట్టు ఫోను దేనికైన తగిలింపుడు. పలికినచో స్పీకరు, తీగ నిర్దోషులు. పిదప దానిని కంప్యూటరు వెనుక నున్న పచ్చరంగు రంధ్రమున పెట్టుడు. ముందరి రంధ్రమును నమ్మరాదు. పెట్టెలోపల దాని తీగ బోర్డునకు తగిలింపబడకయే యుండుట కలదు. గులాబిరంగుది మైకునకు.

ఇక ఆ జాబు చివర సోదరి వ్రాసిన యొక మాట మాకు ముఖ్యముగా తోచినది: ధ్వని పోవుటకు ముందునాడే వారింటికి క్రొత్త తెర వచ్చినదట, అది హెచ్‌డీఎమ్ఐ తీగతో తగిలింపబడినదట. ఆ తీగ బొమ్మనే గాక ధ్వనిని సైతము మోయును. కంప్యూటరు ధ్వనినంతయు తెరకు పంపుచుండవచ్చును. తెరకో, స్పీకరే యుండకపోవచ్చును. సెట్టింగులలో సౌండు అను పుటను తెరచి, ఔట్‌పుట్ అనుచోట హెచ్‌డీఎమ్ఐని మార్చి అనలాగ్ లేక లైన్ అవుట్ అనుదానిని ఎన్నుకొనుడు. పిల్ల చేయి తగిలి చెడినదన్న నింద తొలగుటకు బహుశః ఇంతమాత్రమే చాలును.

అప్పటికిని పలుకనిచో టెర్మినలు తెరచి, ఇంగ్లీషున ఆల్సామిక్సర్ అని యొకే పదముగా, చిన్న అక్షరములతో వ్రాసి ఎంటరు నొక్కుడు. నిలువు పట్టీలు కొన్ని కనబడును. ఎఫ్6 నొక్కి మీ చిప్పును ఎన్నుకొనుడు. మాస్టర్ అను పట్టీ క్రింద రెండు ఎమ్ అక్షరములున్నచో నోరు మూయబడినదని యర్థము. బాణపు మీటలతో అచటికి పోయి ఎమ్ నొక్కినచో తెరచుకొనును. ఆటో-మ్యూట్ అనునది కూడ నొకటి యుండును. హెడ్‌ఫోను తగిలియున్నదని భ్రమపడి స్పీకర్ల నోరు మూయునది యిదియే.

కార్డు కాలినదన్నవానికి చూపదగిన పరీక్షలు రెండున్నవి. టెర్మినలున ఏప్లే అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, అడ్డగీతయు చిన్న ఎల్ అక్షరమును చేర్చినచో, కెర్నెలు గుర్తించిన కార్డుల జాబితా వచ్చును. అందు మీ చిప్పు పేరున్నచో, కాలినదనుమాట నమ్మదగినది కాదు. లేనిచో బయోసులో దానిని ఎవరైన ఆపివేసిరేమో చూడవలెను. రెండవ పరీక్ష: పెన్‌డ్రైవులో నున్న మరియొక లినక్సుతో, లోపలనున్న దానిని కదల్చకయే, యంత్రమును మొదలుపెట్టుడు. అందు పాట పలికినచో దోషము అమరికలది, చిప్పుది కాదు.

ఇవన్నియు చేసియు మౌనమే మిగిలినచో, పెట్టెను విప్పకయే యూఎస్‌బీ రంధ్రమున తగిలించు చిన్న సౌండు పరికరమును పొరుగింట నుండి యెరువు తెచ్చి చూడుడు. వీనిలో పెక్కింటిని లినక్సు తనంతట తానే గుర్తించును. పాఠమునకు అది చాలును.