కుంటా కింటే కథ చదివి వినిపిస్తే

'ఏడు తరాలు' చదవని విద్యార్థి మన హాస్టల్లో అరుదు. అలెక్స్ హేలీ 'రూట్స్' నవలకు సహవాసి చేసిన ఆ అనువాదం అట్ట ఊడిపోయినా గది నుంచి గదికి తిరుగుతూనే ఉంటుంది. ఆ నవల 1977లో అమెరికాలో టీవీ సీరియల్‌గా వచ్చినప్పుడు పడుచు కుంటా కింటేగా నటించినవారు లెవార్ బర్టన్. తర్వాత 'స్టార్ ట్రెక్' సీరియల్లో నక్షత్రనౌకను నడిపించే చూపులేని ఇంజనీరుగా కూడా ఆయనే కనిపించారు. 2017లో 'లెవార్ బర్టన్ రీడ్స్' అనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి, 2024 దాకా కథలు చదివి వినిపించారు. అందులో సైన్స్ ఫిక్షన్‌కు పెద్ద పీట వేశారు.

ఇలా కథ వినడం కూడా చదువే అని మా అభిప్రాయం. ఇంగ్లీషు చదవలేక విని సరిపెట్టుకుంటున్నారన్న ఎత్తిపొడుపు ఉండనే ఉంది. ఉండనీయండి.

మొదటి ఎపిసోడ్‌లోని కథ బ్రూస్ మెకాలిస్టర్ రాసిన 'కిన్'. అంటే అయినవాళ్లు అని చెప్పుకోవచ్చు. జనాభా అదుపు పేరిట, ఇంకా పుట్టని చెల్లెలు పుట్టరాదని ఒక అధికారి ఉత్తర్వు ఇస్తాడు. పన్నెండేళ్ల అన్న, చంపడమే వృత్తిగా గల ఒక గ్రహాంతరవాసిని పిలిపించి సాయం అడుగుతాడు. సంతకం కోసం ఎవరి బల్ల ముందైనా నిలబడి వచ్చిన మనవాళ్లకు ఆ కుర్రవాడి భయం విడమరిచి చెప్పాలా? ముగింపు చెప్పం, విని తెలుసుకోండి.

పుస్తకంలో తెలియని మాట రాగానే కన్ను ఆగిపోతుంది. నిఘంటువు తెరిచేసరికి కథ చల్లారుతుంది. గొంతు మాత్రం ఆగదు. భయమో, బెదిరింపో, జాలో ఆ గొంతే చెబుతుంది. నాలుగు మాటలు జారిపోయినా కథ చేజారదు. రెండోసారి వింటే అందులో రెండు మాటలు దొరుకుతాయి. స్పెల్లింగు మాత్రం వినడంతో రాదు, దానికి పుస్తకం పట్టవలసిందే.

మన అమ్మానాయనల్లో చాలామందికి అక్షరం అందలేదు. అయినా రాత్రంతా బుర్రకథ విని, మర్నాడు నాట్లలో సగం కథ తిరిగి చెప్పేవారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలు పలుచోట్ల బానిసలకు చదువు చెప్పడాన్ని చట్టంతోనే నిషేధించాయి. ఆ బానిసల కథలో నటించిన మనిషి, రేపటి లోకాల కథలను ఊరూరికీ వినిపించడం మాకు చిన్న విషయంగా తోచదు. గ్రూప్స్‌కు పనికిరాని కథలెందుకని అడిగే సీనియర్లు ఈ ఒక్కదానికి జవాబు చెప్పాలి: రాబోయే కాలాన్ని ఊహించే పని ఎవరికి వదిలేద్దాం?

కాబట్టి వారానికొక రాత్రి, భోజనాలయ్యాక, డైనింగ్ హాల్లో ఒక స్పీకరు పెట్టి ఒక కథ వినిపించాలని కోరుతున్నాం. ఇయర్‌ఫోన్లతో ఎవరికి వారు వినడం వేరు, వందమంది ఒకేచోట ఊపిరి బిగబట్టడం వేరు. ఆపైన తెలుగు సైన్స్ కథలను మన గొంతులతోనే రికార్డు చేద్దాం. తొలి కథ తొమ్మిదో తరగతి తమ్ముళ్లు చదవాలి. తడబడినా పరవాలేదు, మళ్లీ రికార్డు చేసుకోవచ్చు.